ఇద్దరు పెంచలయ్యలా, ఒక్కడేనా?

నెల్లూరు సీమలో పెంచలయ్య అను పేరు మిక్కిలి సామాన్యమైనది. పెంచలకోనలో వెలసిన నరసింహస్వామి పేరును పిల్లలకు పెట్టుకొనుట అక్కడి వాడుక. కావలికి దక్షిణమున, బోగోలు మండలపు సముద్రతీరమందలి ఒక పల్లెలో పెంచలయ్య అను జాలరి ఉన్నాడనుకొందము. తూర్పుతీరమున ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఆ రోజులలో అతడు కూలిపనికై చెన్నై పోయి వచ్చుచుండెను. కొన్నాళ్లకు కుటుంబముతో అక్కడనే అద్దె ఇంట కాపురము పెట్టి, ఓటరుగా పేరు నమోదు చేయించుకొనెను. పల్లెలోని జాబితాలో అతని పేరు అట్లే ఉండిపోయినది. ఇప్పుడు ఒక్క మనిషి పేరు రెండు రాష్ట్రముల జాబితాలలో ఉన్నది. అతడు చేసిన మోసమేమియు లేదు. పాతపేరు తీసివేయించవలెనని అతనికి ఎవరును చెప్పలేదు.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఒక వ్యక్తి పేరు ఒకటి కంటె ఎక్కువ నియోజకవర్గములలో ఉండరాదు. ఎవరు సామాన్యముగా ఎచ్చట నివసించుచున్నారో అచ్చటనే వారికి ఓటు. సొంత ఇల్లున్నంత మాత్రమున ఆ ఊరి ఓటరు కాజాలడు; తాత్కాలికముగా ఊరు విడిచి పోయినంత మాత్రమున ఓటరు కాకపోడు. ఈ రెండవ మాట జాలరులకును, వలస కూలీలకును ప్రాణప్రదమైనది. తాళము వేసియున్న ఇల్లు అధికారికి ఏమియు చెప్పదు. ఇంటివారు రెండు నెలలకు తిరిగి రావచ్చును, ఎన్నటికిని రాకపోవచ్చును.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు నెల్లూరును, చెన్నపట్టణమును ఒక్క రాష్ట్రములోనివే. పెంచలయ్య తాత మద్రాసు పోయినను రాష్ట్రము దాటినవాడు కాడు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మార్చినప్పుడు తిరుత్తణి అటు పోయినది, సత్యవేడు ఇటు వచ్చినది. అచ్చటి ప్రజలు ఇల్లు కదలకయే రాష్ట్రము మారిరి. నేడు తడ దాటినచో వేరొక రాష్ట్రము, వేరొక ప్రధాన ఎన్నికల అధికారి, వేరొక లిపిలో జాబితా. 2024 లోకసభ ఎన్నికలలో తమిళనాడులో ఏప్రిల్ 19న, ఆంధ్రప్రదేశ్‌లో మే 13న ఓటింగు జరిగినది. నడుమ 24 దినములు. ఒకే సాధారణ ఎన్నికలో రెండు నియోజకవర్గములలో ఓటు వేసినవాని ఓట్లు రెండును చెల్లవని 1951 నాటి చట్టము చెప్పుచున్నది. కాని రహస్యపు ఓటులో అతడు వేసినది ఏదియో వెదకి తీయుట ఎవరి తరము? కావున జాబితాలోనే సరిచూడవలెను.

ఓటరు తాను ఇల్లు మారితినని చెప్పుకొన్నచో చిక్కు లేదు. 2022 ఆగస్టు నుండి అందుకు ఫారము 8 వాడుచున్నారు. పూర్వము కొత్తచోటి అధికారి పాతచోటి అధికారికి ఉత్తరము వ్రాయవలసి యుండెడిది. ఇప్పుడు ఈరోనెట్ అను కంప్యూటరు వ్యవస్థ ఆ కబురును చేరవేయును. చిక్కంతయు పెంచలయ్యవలె కొత్త ఓటరుగా చేరినవారితోనే. అట్టివారిని కంప్యూటరు తనంతట తాను పోల్చుకొనవలెను.

2024లో ఆంధ్రప్రదేశ్ ఓటర్లు నాలుగు కోట్లకు పైబడి, తమిళనాడు ఓటర్లు ఆరు కోట్లకు పైబడి ఉండిరి. అక్కడి ప్రతి పేరును ఇక్కడి ప్రతి పేరుతో పోల్చినచో 2,400 లక్షల కోట్ల జతలగును. యంత్రమునకైనను ఇది వృథా శ్రమ. అందువలన ముందుగా ఒకే సంవత్సరమున పుట్టినవారిని, పేరు ఒకే ధ్వనితో మొదలగువారిని ఒక కుప్పగా వేసి, ఆ కుప్పలలోనే పోలికలు చూతురు. ఇంగ్లీషు పేర్లను ధ్వనిని బట్టి ఇట్లు కుప్పలు వేయు పద్ధతికి 1918లోనే అమెరికాలో పేటెంటు ఇచ్చిరి.

ఇక పేరు సంగతి. తమిళ లిపిలో ప, ఫ, బ, భ నాలుగింటికిని ఒకే అక్షరము. బాలయ్యయు పాలయ్యయు అచ్చట ఒకే తీరున వ్రాయబడుదురు. ఇంగ్లీషులో పెంచలయ్య చివరి 'య్య'ను ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క విధముగా వ్రాయును. తెలుగువారికి ఇంటిపేరు ముందు వచ్చును. తమిళనాట ఇంటిపేరు పోయి తండ్రి పేరులోని మొదటి అక్షరము నిలుచును. కావున ఒక్క మనిషియే ఇరువురుగా కనబడవచ్చును. దీనికి విపరీతము మరింత చిక్కైనది. తాత పేరు మనుమలకు పెట్టుట మన ఆచారము. అన్న రమణయ్య కొడుకును పెంచలయ్యయే, తమ్ముడు రాఘవయ్య కొడుకును పెంచలయ్యయే. ఇంటిపేరు ఒకటి, ఈడు ఇంచుమించు ఒకటి. చెన్నైలో ఇరువురును 'ఆర్. పెంచలయ్య'లే!

స్త్రీల విషయమున తండ్రి పేరు స్థానమున భర్త పేరు చేరుటచే పోలిక ఇంకను తప్పును. తొలి సాధారణ ఎన్నికల జాబితాలు తయారగునప్పుడు, తమ పేరు చెప్పక ఫలానావాని భార్యననియో తల్లిననియో చెప్పిన సుమారు 28 లక్షల మంది స్త్రీలు, ముఖ్యముగా ఉత్తరాదివారు, ఓటు కోల్పోయిరి.

రెండు పట్టికలలోని వివరములను కలిపి ఒకే మనిషివి అగునో కాదో తేల్చు శాస్త్రమునకు 1969లో ఫెలిగీ, సంటర్ అను గణాంక శాస్త్రజ్ఞులు గణిత రూపమిచ్చిరి. వారి పద్ధతిలో ప్రతి పోలికకును ఒక బరువు కలదు. అరుదైన పేరు కలిసినచో ఎక్కువ బరువు, సామాన్యమైన పేరు కలిసినచో తక్కువ బరువు. నెల్లూరు జాబితాలోని పెంచలయ్యయే గౌహతి జాబితాలోను కనబడినచో అనుమానించుటకు కారణమున్నది. నెల్లూరు వారు ఎందరో స్థిరపడిన చెన్నైలో కనబడినచో అది అంత విశేషము కాదు. బరువులన్నియు కూడి ఒక హద్దు దాటినచో ఒకే మనిషి. మరొక హద్దునకు దిగువనున్నచో వేరు మనుషులు. నడుమనున్నవారిని మనిషియే పోయి విచారించవలెను. ఈ నడిమి గదిని ఆ శాస్త్రజ్ఞులు బుద్ధిపూర్వకముగానే ఉంచిరి.

పేరును, పుట్టినతేదియు రెండును కలిసినచో ఇక సందేహమేల అని విద్యార్థులు అడుగవచ్చును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షించి చూపవచ్చును. ఇరువదిముగ్గురు పిల్లలున్న తరగతిలో ఏ ఇద్దరికైనను ఒకే దినమున పుట్టినరోజు వచ్చు అవకాశము సగము కంటె కొంచెము ఎక్కువ. కారణము, 23 మందిలో 253 జతలు ఉండుటయే. ఇప్పుడు ఒకే పేరు గలవారు ఈ రాష్ట్రమున వేయిమంది, ఆ రాష్ట్రమున వేయిమంది ఉన్నారనుకొందము. జతలు పది లక్షలు. వారందరు 40 ఏండ్ల కాలమున, అనగా 14,610 దినములలో, సమముగా పుట్టియున్నారన్నచో, ఏ సంబంధమును లేకయే పుట్టినతేది సంవత్సరముతో సహా కలియు జతలు సుమారు 68 ఉండును. వాస్తవమున ఇంకను ఎక్కువ. బడిలో చేర్చునాడు అయ్యవారు వేసిన జూన్, జూలై తేదీలే పల్లెలలో ఎందరికో పుట్టినతేదీలు!

ఇది కాగితపు లెక్క మాత్రమే కాదు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రము 2005లో మొదలిడిన క్రాస్‌చెక్ అను పథకము మొదటి పేరు, ఇంటిపేరు, పుట్టినతేది కలిసినవారిని రెండుచోట్ల నమోదైనవారిగా ఎంచెను. ఆ పథకపు సూచనలలో ఒకదానిని పాటించినచో ఒక్క రెండవ ఓటును ఆపుటకు, సక్రమముగా ఓటు వేసినట్లు తోచు నమోదులు సుమారు 300 తొలగిపోవునని 2020లో వెలువడిన ఒక పరిశోధన లెక్కించినది. అప్పటికే, 2019లో, పథకము నిలిచిపోయెను. 2012లో ఏడు రాష్ట్రములు కలిసి స్థాపించిన ఎరిక్ అను సంస్థ డ్రైవింగు లైసెన్సుల వివరములను కూడ పోల్చును. లైసెన్సు సంఖ్యవంటి రహస్య వివరములను పసుపుకొమ్మును దంచినట్లు గణితముచే పొడి చేసి పంపుదురు. ఒకే కొమ్ము ఎప్పుడు దంచినను ఒకే పొడి వచ్చును. పొడి నుండి కొమ్మును తిరిగి కూర్చలేరు. అయితే ఒక్క అంకె మారినను పొడి పూర్తిగా మారును గనుక, గుమాస్తా తప్పు వ్రాసిన పేర్లకు ఈ ఉపాయము పనికిరాదు.

మన దేశమున ఓటరు కార్డుకు సంఖ్య ఉన్నది కదా అనవచ్చును. మూడు అక్షరములు, ఏడు అంకెలు గల ఆ సంఖ్యయే వేర్వేరు రాష్ట్రములలో వేర్వేరు మనుషులకు ఉన్నట్లు 2025 మార్చిలో ఎన్నికల సంఘము ఒప్పుకొన్నది. ఈరోనెట్‌కు పూర్వము ఒక్కొక్క రాష్ట్రము తన సంఖ్యలను తానే ఇచ్చుకొనుటయు, కొన్ని రాష్ట్రములు ఒకే అక్షరముల వరుసను వాడుటయు ఇందుకు కారణము. అనగా పేరు వేరై సంఖ్య ఒకటగుటయు కలదు, పేరు ఒకటై సంఖ్య రెండగుటయు కలదు.

పొరపాటు రెండు విధములు. ఒకడే ఇద్దరుగా మిగిలిపోవుట మొదటిది. ఇద్దరు ఒకడై ఒకని పేరు పోవుట రెండవది. మొదటి పొరపాటు ఓటుగా మారవలెనన్నచో ఆ మనిషి బండియెక్కి 24 దినముల తేడాతో రెండుచోట్లకు పోవలెను. రెండవది పోలింగునాడు బూత్ ఎదుట గాని తెలియదు. అందుకే ఊరు విడిచెనను కారణముతో పేరు తీయుటకు ముందు ఆ వ్యక్తికి తన మాట చెప్పుకొను అవకాశమీయవలెనని 1950 చట్టపు 22వ సెక్షను విధించుచున్నది. 2025లో బీహారు ముసాయిదా జాబితాలో చేరని సుమారు 65 లక్షల పేర్లను కారణములతో ప్రకటించవలెనని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించినది. వానిలో ఒకటి కంటె ఎక్కువచోట్ల ఉన్నవని చెప్పినవి సుమారు 7 లక్షలు.

ఆ ఏడు నవంబరు 4న తమిళనాడులో ఇట్టి సవరణ మొదలైనది. ఆంధ్రప్రదేశ్ ఆ విడతలో లేదు. సరిహద్దునకు ఒకవైపు జాబితా కొత్తగా వ్రాయుచుండగా, రెండవవైపు పాతదే నిలిచినది. చెన్నైలో పత్రము నింపిన పెంచలయ్య పేరు బోగోలు మండలములోను మిగులును. అచ్చట నింపక, ఈలోగా పల్లెలో ఎవరైన అతని పేరుపై ఫారము 7 ఇచ్చి తీయించినచో, రెండుచోట్లను పోవును. బూత్ స్థాయి అధికారి పల్లెలోని ఇంటికి పోయి, పొరుగువారిని పిలిచి, జాబితాలోని ఫొటో చూపి అడుగవలసినది ఇంతే: చెన్నై పోయినది రమణయ్య కొడుకా, రాఘవయ్య కొడుకా?