విమానం భయపడే బల్బు

ఈసారి గోడపత్రికకి నేను బల్బుల గురించి రాస్తున్నాను. బల్బే కదా అని తీసిపారేయకండి. కొన్ని బల్బుల్ని విమానంలో ఎక్కించాలంటే యాసిడ్‌కి ఉన్నట్టే రూల్సు ఉన్నాయి.

ట్యూబ్‌లైటులోను, సిఎఫ్‌ఎల్ బల్బులోను, వీధి స్తంభాల పాత మెర్క్యురీ దీపాల్లోను పాదరసం ఉంటుంది. ట్యూబులో ఉండేది కొన్ని మిల్లీగ్రాములే. కరెంటు ప్రవహిస్తే ఆ పాదరసం ఆవిరి నుంచి కంటికి కనపడని కిరణాలు వస్తాయి. గాజు లోపల పూసిన తెల్లపొడి వాటిని వెలుతురుగా మారుస్తుంది.

మరి విమానానికి భయం ఏటంటే, దాని ఒళ్ళు ఎక్కువగా అల్యూమినియం. అల్యూమినియం మీద చాలా సన్నని పొర ఉండి దాన్ని కాపాడుతుంది. ఎక్కడైనా గీత పడి ఆ పొర కింద పాదరసం చేరిందా, లోహంతో కలిసిపోతుంది. పొర మళ్ళీ గట్టిగా కట్టుకోదు. గాలి, తేమ తగిలి అల్యూమినియం తెల్లటి పొడిలా పొంగి రాలిపోతుంది. దుంగని చెద తిన్నట్టే. అందుకే విమానాల రూల్సులో పాదరసాన్ని లోహాన్ని తినే సరుకుల్లో, 8వ తరగతిలో పెట్టారు. (నాకంటే ఒక తరగతి తక్కువ!)

ఇంకోటి జినాన్ బల్బు. సినిమా హాలు ప్రొజెక్టర్లో పెట్టేది. వెలిగించకపోయినా అందులో గ్యాసు కుక్కి ఉంటుంది. పగిలితే చిన్న బాంబే. మార్చేవాళ్ళు ముఖానికి అడ్డు పెట్టుకుంటారు. పంపేటప్పుడు, లోపల పేలినా ఒక్క ముక్క పెట్టె దాటి రాకుండా కట్టాలి.

ఈ రూల్సు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రాస్తుంది. మన దేశంలో 2003లో వీటికి విడిగా నియమాలు వచ్చాయి. బల్బుకీ బల్బుకీ మధ్య అడ్డు, చుట్టూ మెత్త, బయట గట్టి పెట్టె ఉండాలి. ప్రమాద సరుకుల పెట్టెల్ని ఎత్తు నుంచి పడేసి పరీక్షిస్తారు. మధ్యరకం ప్రమాదమైతే 1.2 మీటర్లు, అంటే సుమారు నా భుజం ఎత్తు. పాదరసం బాగా తక్కువున్న బల్బులకు సడలింపు ఉంది. ప్రయాణికులు ఇంటికి కొన్న సిఎఫ్‌ఎల్ తీసుకెళ్ళొచ్చు, కాని షాపువాళ్ళ పెట్టెలోనే ఉంచాలి. చీరల మధ్య చుట్టి పెడితే కుదరదు.

మన పలాసలో జీడిపప్పు గుండు విరిగితే బద్ద అవుద్ది, ధర తగ్గుద్ది, అంతే. ట్యూబు విరిగితే పాదరసం ఆవిరై మన ఊపిరిలోకి పోతుంది. అది నరాలకు చేటు. నీళ్ళలో చేరితే చేపల్లోకి వస్తుంది. జపాన్‌లో మినమాటా అనే ఊరి జనం అలాంటి చేపలు తిని జబ్బుపడ్డారని 1956లో బయటపడింది. (దీన్ని మన ఉద్దానం కిడ్నీ జబ్బుకి ముడిపెట్టి పుకారు చెయ్యకండి.)

మన జిల్లాలో విమానాశ్రయమే లేదు, మనకెందుకు అంటారా? ట్యూబులు లారీలో టెక్కలి మీదుగా పలాస వస్తాయి, అక్కడి నుంచి ఆటోలో మందస, ఆపైన మా కొండకి భుజం మీద. మా ఇంట్లో చదువుకున్నది నేనే. పెట్టె మీద ఏం రాసుందో చదవమని నాకే ఇస్తారు. హెచ్, జి అని రెండు ఇంగ్లీషు అక్షరాలుంటే పాదరసం ఉన్నట్టు. మా ఊరి గుంటలు మాత్రం మాడిపోయిన ట్యూబుని రాయికేసి కొట్టి "టప్" అన్న శబ్దానికి నవ్వుతారు. విమానానికి ఉన్న జాగ్రత్త వాళ్ళకి లేదు.

పగిలితే ఇలా చెయ్యాలి: కిటికీలు తెరిచి అందరూ పది, పదిహేను నిమిషాలు బయటికి పోవాలి. చీపురుతో ఊడవకూడదు, పొడి లేస్తుంది. అట్టముక్కతో ఎత్తి, మిగిలింది టేపుతో అద్ది, మూత డబ్బాలో వెయ్యాలి.

2027 చివరికి ట్యూబ్‌లైట్ల తయారీ ఆపేయాలని 2023లో జెనీవాలో దేశాలు ఒప్పుకున్నాయి. ఎల్ఈడీలో పాదరసం లేదు. మన హాస్టల్లో కూడా ఎల్ఈడీలు పెట్టారు, సంతోషం. తీసిన పాత ట్యూబులు వంటగది వెనక గోడకి చేరవేసి ఉన్నాయి. లెక్కపెట్టాను, 11. అక్కడే చిన్న తరగతుల పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. 2022 ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని మామూలు చెత్తలో కలపకూడదు, విడిగా అప్పగించాలి. అప్పటిదాకా దాచడానికి, వార్డెన్ గారూ, ఎల్ఈడీలు వచ్చిన పొడుగు అట్టపెట్టెలు స్టోరు రూములోనే ఉన్నాయి. కొలిచి చూశాను, ట్యూబులు వాటిలో సరిగ్గా పడతాయి.