సున్నపు గోడపై చిత్రకళ: సహోదరుడు మొస్కేని చరిత్రము

మన ఎల్బీ నగరు, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతములనుండి మెదకు దేవాలయమునకు పోయినవారు అచ్చటి రంగుటద్దముల కిటికీలయందు క్రీస్తుప్రభువు చరిత్రమును చూచియే యుందురు. అచ్చట చిత్రమునకు గాజు ఆధారము. మంగళూరులోని సెయింట్ అలోషియస్ కళాశాల దేవాలయమునందో, గోడలును పైకప్పును చిత్రములతో నిండియున్నవి. వానిని వ్రాసిన భక్తుని గూర్చి మన విద్యార్థు లెఱుంగుట మేలని తలంచి సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆంటోనియో మొస్కేని 1854లో ఇటలీ దేశమున, బెర్గమో పట్టణ సమీపమునందలి స్టెజ్జానో గ్రామమున జన్మించెను. బెర్గమోలోని కర్రారా కళాశాలలో చిత్రకళ నభ్యసించి, ఆ ప్రాంతపు దేవాలయములను అలంకరించి పేరు గడించెను. అట్లు కీర్తి పెరుగుచుండగనే 1889లో యేసు సభ యను కథోలిక సన్యాస సంఘమున చేరెను. గురువు కాక, సామాన్య సహోదరుడుగానే యుండెను. 19వ శతాబ్దపు తుది సంవత్సరములలో ఆయన మంగళూరునకు పంపబడెను.

గోడలపై ఆయన యనుసరించిన పద్ధతికి ఫ్రెస్కో యని పేరు. సున్నమును ఇసుకయు కలిపి గోడకు పూసి, ఆ పూత తడియారకముందే నీటిలో కలిపిన రంగులతో వ్రాయవలెను. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి ఱాయివలె గట్టిపడుచు, రంగును తనలో నిముడ్చుకొనును. కావున ఒక దినమున వ్రాయగలిగినంత మేరకే పూత పూయుదురు. తప్పు దొర్లినచో చెఱుపుటకు వీలులేదు. పూతను గీకివేసి మరల మొదలిడవలసినదే. పైకప్పునకు మాత్రము ఆయన గుడ్డపై తైలవర్ణములతో చిత్రములు వ్రాసెను. రోమునగరమున తెగులు సోకినవారికి సేవచేసి, 1591లో 23 ఏండ్ల ప్రాయముననే మరణించిన పరిశుద్ధ అలోషియస్ చరిత్రము అందు గలదు. తలయెత్తి చూచు విద్యార్థులకు అది నిత్యపాఠము.

పిమ్మట మొస్కేని బొంబాయిలోని హోలీ నేమ్ దేవాలయమునను, కొచ్చినులోని శాంతాక్రూజ్ దేవాలయమునను పనిచేసెను. కొచ్చిను దేవాలయమునకు 1905 నవంబరు 19న ప్రతిష్ఠ జరిగెను. అంతకు నాలుగు దినముల ముందే, నవంబరు 15న, 51 ఏండ్ల ప్రాయమున ఆయన ప్రభువునందు నిద్రించెను. తాను అలంకరించిన మందిరమున జనులు పాడిన స్తోత్రమును ఆయన చెవులు వినలేదు.

పడమటి తీరపు వర్షములవలని చెమ్మకు మంగళూరు చిత్రములు కొంత చెడగా, 1990 తరువాతి సంవత్సరములలో నిపుణులు వానిని శుభ్రపఱచి బాగుచేసిరి. నేటికిని అవి నిలిచియున్నవి.

ప్రియ విద్యార్థులారా, ఆయన నేడు పూసిన పూతను రేపటికి విడువలేదు. మీ నేటి పాఠమును మీరును అట్లే ముగింతురుగాక.