కెమెరా కొలిచిన నీరు.. చేలోకి వచ్చిందా?

కాలువ నిండుగా పారుతోందంటారు. శివారు చేనుకు మాత్రం తడి అందదు. ధవళేశ్వరం బ్యారేజి నుంచి తూర్పు డెల్టా కాలువల్లోకి వదిలిన నీరు యానాం పరిసరాలకు వచ్చేసరికి ఎంత మిగిలిందో తెలియాలంటే కొలవక తప్పదు.

గట్టున కెమెరా పెట్టి, వెంటవెంటనే తీసిన బొమ్మల్లో నురగ, చెత్త ఎంత దూరం జరిగాయో చూసి నీటి వేగం లెక్కగట్టే పద్ధతి ఉంది. అయితే ఇందులో ఎప్పుడూ ఒకే వైపు మొగ్గే తప్పు దొర్లవచ్చు. దొంగరాయితో పదిసార్లు తూచి సగటు తీసినా తూకం సరికాదు కదా! ఇదీ అంతే. కొలిచే తీరు మార్చి చూస్తేనే ఆ తప్పు బయటపడుతుంది.

తప్పు ఎక్కడ?

* కెమెరాకు కనిపించేది పైనీరే. అడుగున, గట్ల వెంట నీరు నెమ్మదిగా నడుస్తుంది. అందుకే పై వేగాన్ని సాధారణంగా 0.85తో గుణిస్తారు. గడ్డి, తూడు పెరిగిన బోదెల్లో ఇంకా తగ్గించాలి.

* ఎండుటాకులు, నురగ గాలికి కొట్టుకుపోతాయి. అది నీటి వేగం కాదు.

* బొమ్మలో అవతలి గట్టు చిన్నదిగా కనిపిస్తుంది. దాన్ని సరిదిద్దకపోతే అక్కడి వేగం తక్కువగా వస్తుంది.

* బొమ్మ అంతా చిన్న చిన్న చుక్కల కూర్పు. నురగ ముక్క మరీ చిన్నదైతే 3.4 చుక్కలు జరిగినా కంప్యూటరు 3 అనే చెప్పవచ్చు. జరిగిన దూరాలన్నీ 3, 4, 5 దగ్గరే పోగుపడి, మధ్య అంకెలు అరుదుగా ఉంటే అనుమానించండి.

లెక్క చూడండి

రెండు మీటర్ల వెడల్పు, సగటున అర మీటరు లోతు నీరున్న బోదె. 10 మీటర్ల దూరాన్ని తేలే వస్తువు 20 సెకన్లలో దాటితే పై వేగం సెకనుకు అర మీటరు. దాన్నే నమ్మితే సెకనుకు 500 లీటర్లు. 0.85తో గుణిస్తే 425. తేడా 75 లీటర్లు, అంటే రెండున్నర క్యూసెక్కులకు పైనే. ఆ నీరు కాగితం మీదే ఉంటుంది, చేలో ఉండదు.

ఇలా సరిచూసుకోండి

రెండు గట్ల మీదా 10 మీటర్ల ఎడంతో కర్రలు పాతండి. చాలావరకు మునిగి తేలే బత్తాయి కాయను వదిలి, గడియారం చూడండి. కెమెరా చెప్పిన పై వేగం దీనితో కలవాలి. గాలి లేని వేళ మరోసారి చూడండి. మధ్యలో తూము లేని చోట, ఎగువన ఒకసారి, దిగువన ఒకసారి కొలవండి. వెడల్పు, లోతు, సగటు వేగం గుణిస్తే రెండుచోట్లా దాదాపు ఒకటే రావాలి. లేదంటే కొలతలో తప్పయినా ఉండాలి, దారిలో నీరైనా పోతుండాలి.

యానాం దగ్గర గౌతమికి సముద్రపు పోటు తగులుతుంది. పోటు వేళ డ్రెయిన్లలో నీరు నెమ్మదిస్తుంది, వెనక్కీ మళ్లుతుంది. అందువల్ల అక్కడ పోటులోనూ, పాటులోనూ కొలవాలి.

తేదీ, వేళ, గాలి, పోటు వివరాలతో అంకెలు రాసిపెట్టుకోండి. నీరు చాలడం లేదని అడగడానికి వెళ్లినప్పుడు సరిచూసిన లెక్క చేతిలో ఉంటే మీ మాటకు బలం ఉంటుంది.