కాశీలో ఏం వదిలేద్దాం?

వారణాసిలో గొదౌలియా కూడలి. పొద్దెక్కి ఎంతోసేపు కాలేదు. ఒకే రంగు టోపీలు పెట్టుకున్న మనవాళ్ల బృందం ఒకటి విశ్వనాథుడి దర్శనం ముగించుకొచ్చి టీ బండి దగ్గర ఆగింది. అందరి ముఖాల్లోనూ తృప్తి. అంతలో మరో తెలుగు గుంపు ఎదురైంది. ‘ఏ ఊరండీ మీది?’ అంటూ మొదలైన పలకరింపు రెండు మాటలు దాటకుండానే ‘వారాహి అమ్మవారి గుడికి వెళ్లొచ్చారా?’ దగ్గరికి చేరింది. వెళ్లలేదు. ‘అయ్యో, ఇంకేం వెళ్తారు, పొద్దున్నే కాసేపు తెరిచి మూసేస్తారుగా!’

అంతే. విశ్వేశ్వరుణ్ని కళ్లారా చూశామన్న సంతోషం కాస్తా నీరుగారిపోయింది. మట్టి కప్పులో టీ అయిపోకముందే గైడ్ మీద విసుగు మొదలైంది. కాశీ వెళ్లొచ్చిన తెలుగువాళ్లలో ఈ ఘట్టం ఎరగనివాళ్లు తక్కువ.

ఈ బెంగకు ‘ఫోమో’ అన్న పేరు 2004లో వచ్చింది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థుల పత్రికలో పాట్రిక్ మెక్‌గిన్నిస్ రాసిన సరదా వ్యాసం దాన్ని జనంలోకి తెచ్చింది. ఎక్కడో ఏదో జరిగిపోతోంది, అందులో మనం లేమే అన్న గుబులు అది. దానికి తోబుట్టువు లాంటి ‘ఫోబో’ను కూడా ఆయన అక్కడే పరిచయం చేశాడు. ఇంతకంటే మెరుగైనది ఇంకోటి ఉందేమోనని ఏదీ తేల్చుకోలేకపోవడం. హోటల్ గది ఖాయం చేసుకునేలోపు అర్ధరాత్రి దాకా ఫోన్‌లో ఫొటోలు తిప్పేవాళ్లది ఈ రెండో బాధ.

కాశీలాంటి ఊళ్లో ఈ బెంగ పట్టుకోకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. ఘాట్లే ఎనభై నాలుగు. గుళ్లయితే లెక్కకు అందవు. అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, డుంఠి గణపతి, సంకటమోచనుడు... వీటికి తోడు ఊరికి పది కిలోమీటర్ల దూరాన సార్‌నాథ్, గంగకు ఆవలి గట్టున రామ్‌నగర్ కోట, 2021 డిసెంబరులో తెరిచిన విశ్వనాథ్ కారిడార్. ఇవి చాలవన్నట్టు రీల్స్‌లో చూసిన కచోరీ బండి, చలికాలంలో తప్ప దొరకని మలయ్యో. చిలికిన పాల నురుగుకు కుంకుమపువ్వు రంగు అద్ది చిన్న ముంతల్లో ఇస్తారు, నోట్లో పెట్టుకుంటే ఉన్నట్టే ఉండదు. ప్యాకేజీ చూస్తే మూడు రాత్రులు. అందులోనే అయోధ్య, ప్రయాగ్‌రాజ్ కూడా!

మరి పాతకాలం వాళ్లకు ఈ బెంగ లేదా? ఉండే ఉంటుంది. కాశీలోని తీర్థాలనూ లింగాలనూ ఏకరువు పెట్టే కాశీఖండాన్ని శ్రీనాథుడు ఏనాడో తెలుగు చేశాడు. అంత పట్టిక విన్నాక ఏ యాత్రికుడి గుండె నిబ్బరంగా ఉంటుంది? అయితే బెంగ పుట్టించిన ఊరే దాన్ని తీర్చే ఏర్పాటూ చేసిపెట్టింది. కాశీ చుట్టూ చేసే పంచక్రోశీ ప్రదక్షిణ దాదాపు ఎనభై కిలోమీటర్లు, అయిదు రోజుల నడక, దారిలో నూటెనిమిది గుళ్లు. అంత ఓపిక లేనివాళ్ల కోసం నగరంలోనే పంచక్రోశీ ఆలయం ఒకటుంది. ఆ గుళ్లన్నీ గోడల మీద బొమ్మలుగా ఉంటాయి. ఒక్క చుట్టు చుట్టి వస్తే అయిదు రోజుల యాత్ర చేసినట్టే. హిమాలయాల దాకా వెళ్లలేనివాళ్లకు కేదార్ ఘాట్ మెట్లెక్కితే కేదారేశ్వరుడు ఇక్కడే ఉన్నాడు. రామేశ్వరం పేరుతోనూ ఇక్కడ గుడి ఉంది. అన్నీ చూడటం మనిషి వల్ల అయ్యే పని కాదని ఒప్పుకుని, అందుకు తగ్గ సర్దుబాటు చేసినవాళ్ల తెలివి అది. మన టూర్ ఆపరేటర్లకు ఇంకా అబ్బలేదు.

ఏనుగుల వీరాస్వామయ్య సంగతి చూడండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. పల్లకీ, డేరాలు, వంద మంది దాకా పరివారం. మజిలీ మజిలీకీ నీళ్లెలా ఉన్నాయి, దారి ఎలా ఉంది, ఏ వస్తువులు దొరుకుతాయి అని రాసుకుంటూ పోయాడు. ఆ రాతలే 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’. పదిహేను నెలల ఆ ప్రయాణంలో దారే సగం యాత్ర. ఇప్పుడు హైదరాబాద్‌లో విమానమెక్కితే రెండు గంటలకు అటూఇటూగా వారణాసి. దారి మాయమైపోయింది, చూడాల్సినవి మాత్రం మిగిలాయి. రాకపోకలు సులువయ్యే కొద్దీ ఒక్కో గంటకూ లెక్క చెప్పుకోవాల్సి వస్తోంది.

ఆ లెక్క ఎవరికి? నన్నడిగితే సగం బెంగ ఊరి గురించే కాదు. ఇంటికొచ్చాక పిన్నిగారో, పక్కింటాయనో అడగబోయే ప్రశ్న గురించి. ‘అక్కడిదాకా వెళ్లి అది చూడలేదా?’ అన్నమాట చెవిన పడకూడదనే తెల్లవారుజామున మూడింటికి లేస్తాం, మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన్ను ఇరుకు సందుల్లో పరుగెత్తిస్తాం. వెనకటికి ఈ ప్రశ్న తిరిగొచ్చి తీర్థప్రసాదాలు పంచేటప్పుడు ఎదురయ్యేది. ఇప్పుడు వాట్సాప్ పుణ్యమా అని మనం ఇంకా మెట్ల మీద ఉండగానే ఫ్యామిలీ గ్రూపులో దిగుతుంది. ఇది నిజానికి ఎంత మెత్తని ప్రశ్నో తెలియాలంటే ఒక్కసారి తడుముకోకుండా జవాబు చెప్పి చూడాలి. ‘చూడలేదు పిన్నీ, నువ్వు చూశావుగా, ఎలా ఉంటుంది?’ అంటే చాలు. ఆవిడ అరగంట ఆనందంగా చెబుతుంది, మన లోటు సంగతే మర్చిపోతుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ‘హాయిగా, నెమ్మదిగా తిరగండి’ అని చెప్పడం ఏటా రెండు యాత్రలు చేయగలిగినవాళ్లకు తేలిక. చీటీ పాడుకుని, సెలవు బతిమాలుకుని, ఇల్లు చుట్టాలకు అప్పగించి బయల్దేరినవాళ్లకు ‘మళ్లీ వస్తామో రామో’ అన్నది ఉత్తమాట కాదు. వాళ్ల ఆత్రాన్ని చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు. మన పెద్దలు కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలంటారు, అమ్మ కడుపులో తొమ్మిది నెలలకు గుర్తుగా. వీలైతే అంతకు మించిన మందు లేదు. మూడో రోజుకు చూసేవాటి ఆత్రం తగ్గి, కూరగాయల బండి ఎన్నింటికి వస్తుందో తెలియడం మొదలవుతుంది. వీలుకానివాళ్ల మాటేమిటి?

వాళ్లకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది. బయల్దేరకముందే ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కటంటే ఒక్క కోరిక చెప్పాలి. అమ్మకు వారాహి, నాన్నకు సార్‌నాథ్, పిల్లాడికి పడవ. అవే అసలు, మిగతాదంతా కొసరు. అసలు దక్కితే కొసరు పోయినా కజ్జా ఉండదు. అమ్మ కోరిక వారాహి అయితే ఆ పూటంతా దానికే ఇచ్చేయాలి. తెల్లవారకముందే ఆ సందులో వరసలో నిలబడాలి. అక్కడ అమ్మవారు నేలమాళిగలో ఉంటారు. పైన నేలకున్న కంతల్లోంచి ఒంగి చూడాలి. ఒకదాంట్లోంచి ముఖం, ఇంకోదాంట్లోంచి పాదాలు. మొత్తం విగ్రహాన్ని ఒక్క చూపులో చూడటం ఎవరికీ కుదరదు. అయినా బయటికొచ్చేవాళ్లలో ‘సగమే కనిపించింది’ అని ఫిర్యాదు చేసేవాళ్లుండరు.

సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో మాత్రం లెక్క తిరగబడుతుంది. గంగా హారతిలో ఏడుగురు అర్చకులు పెద్ద పెద్ద దీపాల సెమ్మెలు ఎత్తి తిప్పుతుంటే, ఎదుట వందల ఫోన్లు లేస్తాయి. వెనక కూర్చున్నవాళ్లు హారతిని ముందువాళ్ల తెరల మీద చూస్తారు. ఏదీ జారిపోకూడదనే కదా ఈ వీడియోలు! అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వవేత్త ఒక మ్యూజియంలో చేసిన ప్రయోగం 2014లో అచ్చయింది. వస్తువులను ఊరికే చూసినవాళ్లకంటే ఫొటో తీసినవాళ్లకు వాటి వివరాలు తక్కువ గుర్తున్నాయి. అయితే ఒక వస్తువులో ఏదో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినవాళ్లకు ఆ నష్టం జరగలేదు. కాబట్టి ఫోన్ జేబులోంచి తీయొద్దని ఒట్టు పెట్టుకోనక్కర్లేదు. ఒక అర్చకుణ్ని ఎంచుకోండి. ఆయన మణికట్టు తిరిగే తీరు, బరువుకు బిగుసుకునే మోచెయ్యి, సెమ్మె కిందికి దిగేటప్పుడు మారే చేతి పట్టు. వాటిలో ఏదో ఒకదానిది ఒకే ఒక్క ఫొటో తీసి ఫోన్ లోపల పెట్టేయండి.

ఇంతకీ కాశీకి వెళ్తే ఏదో ఒకటి వదిలేసి రావాలన్నది మన ఆచారం. ఇష్టమైన పండో కూరో గంగలో వదిలి, మళ్లీ ముట్టకూడదు. చాలామంది ఎన్నడూ నోట పెట్టని కాకరకాయ వదిలి పుణ్యం మూటగట్టుకుంటారు. శివుడికి తెలియదనా! ప్యాకేజీ కాగితం చేతికొచ్చినప్పుడు అదే నియమం దాని మీదా పెట్టి చూడొచ్చు. ఒక చోటు కొట్టేయాలి. అదీ కాకరకాయ కాకుండా, మనసు కాస్త పీకేది. ఇంట్లో ఎవరి అసలు కోరికా కాకపోతే రామ్‌నగర్ కోట కొట్టేయండి. పూట మిగులుతుంది. ఎండ తగ్గాక అస్సీ నుంచి ఎరుపు తెలుపు చారల మెట్లుండే కేదార్ ఘాట్ దాకా నది వెంటే నడవచ్చు. ఆరేసిన చీరలు తప్పించుకుంటూ, పిల్లల క్రికెట్ బంతి కాచుకుంటూ, నడుమ ఒకటి రెండు చోట్ల టీకి ఆగి.