నాలుగు బోల్టుల మీద ఒక ప్రాణం

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు నగరానికి దక్షిణంగా ఆబింగ్డన్ అనే పట్టణం ఉంది. అక్కడి కర్మాగారంలో 1962 నుండి 1980 వరకు ఎం.జి.బి. అనే స్పోర్ట్స్ కార్లు తయారయ్యాయి. పొడవు నాలుగు మీటర్లలోపు. ఇద్దరు కూర్చునే చిన్న బండి. వీటిలో ఎక్కువ వాటికి గట్టి పైకప్పు ఉండదు. గుడ్డ టాపును వెనక్కు మడిచేయవచ్చు. అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలకు పైగా తయారైన ఈ కార్లలో చాలా వాటిని యజమానులు ఇప్పటికీ ప్రాణంగా చూసుకుంటున్నారు. కొందరు వాటిని పాత కార్ల పందేలకు కూడా తీసుకువెళుతుంటారు.

అలా పందేనికి సిద్ధం చేసేటప్పుడు మార్చే మొదటి వస్తువులలో సీటు ఒకటి. ఇంజనును మెరుగుపరిస్తే వేగం పెరుగుతుంది. బ్రేకులు మారిస్తే బండి త్వరగా ఆగుతుంది. మరి సీటు మారిస్తే ఒరిగేదేమిటి? సీటు ఉన్నది కూర్చోవడానికే గదా!

ఈ ప్రశ్నకు జవాబు మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది. రండి, చూద్దాం.

మలుపులో ఏం జరుగుతుంది?

బస్సు ఎడమవైపుకు గభాలున తిరిగినప్పుడు మీరు కుడివైపుకు ఒరగడం అనుభవమే. మిమ్మల్ని ఎవరూ కుడికి తోయలేదు. మీ శరీరం జడత్వం వల్ల తిన్నగా పోవాలని చూస్తుంది. బస్సు మాత్రం ఎడమకు తిరుగుతుంది. బస్సుతోపాటు మీరూ తిరగాలంటే మిమ్మల్ని ఎడమకు లాగే బలం ఒకటి కావాలి. దానినే అభికేంద్ర బలం అంటాం.

ఈ బలం ఎంతో లెక్కవేద్దాం. ఎం.జి.బి. కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో, 60 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరుగుతున్నదనుకోండి. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే త్వరణం వస్తుంది. 400ను 60తో భాగిస్తే సుమారు 6.7 మీ/సె². నడిపేవాని ద్రవ్యరాశి 60 కిలోలైతే కావలసిన బలం 400 న్యూటన్లు.

ఈ బలాన్ని అతనికి ఎవరు ఇవ్వాలి? పాత సీటు చదునుగా, నున్నగా ఉంటుంది. దానికీ బట్టలకూ మధ్య ఘర్షణ గుణకం 0.4 అనుకుందాం. అతని బరువు సుమారు 600 న్యూటన్లు గనుక ఘర్షణ ఇవ్వగలిగేది 240 న్యూటన్లే. ఇంకా 160 న్యూటన్లు తక్కువ పడ్డాయి. ఆ లోటును అతను స్టీరింగును గట్టిగా పట్టుకొని, మోకాలిని తలుపుకు ఆనించి పూడ్చుకోవాలి. 160 న్యూటన్లంటే 16 కిలోల బియ్యం మూట బరువు. అంత బరువు చేతులకు వేలాడుతుండగా స్టీరింగును వెంట్రుకవాసి తేడా రాకుండా తిప్పమంటే ఎవరి తరం?

పందెపు సీటు చేసే మొదటి మేలు ఇదే. అది తొట్టిలాగా ఉంటుంది. తొడల పక్కన, నడుము పక్కన, పక్కటెముకల పక్కన దాని అంచులు పైకి లేచి శరీరాన్ని పట్టుకుంటాయి. కావలసిన 400 న్యూటన్లనూ సీటే ఇస్తుంది. చేతులు తమ పని తాము చేసుకుంటాయి. అయితే ఆ సీటు ఒంటికి సరిపోవాలి. వదులైతే పట్టు ఉండదు; మరీ బిగువైతే ఊపిరి ఆడదు. అందుకే చెప్పుల జతను కొన్నట్లుగా, కూర్చొని చూసి ఎంచుకోవాలి.

ఢీకొంటే?

మలుపు మాట అలా ఉంచండి. అసలు పరీక్ష ప్రమాదంలో వస్తుంది.

గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్లతో, పోతున్న కారు గోడను ఢీకొని 0.6 మీటరు దూరంలో ఆగిందనుకోండి. ఆ 0.6 మీటరు కారు ముక్కు నలగడం వల్ల దొరికిన దూరం. చలన సమీకరణం ప్రకారం రుణత్వరణం 187.5 మీ/సె². 60 కిలోల మనిషిని ఆపడానికి 11,250 న్యూటన్ల బలం కావాలి. ఒక టన్నుకు మించిన బరువన్నమాట! ఈ బలాన్ని బెల్టులు అందించాలి.

అంత బలాన్ని శరీరం తట్టుకోగలదా? సరిగా పట్టి ఉంచితే తట్టుకోగలదని నిరూపించిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన అమెరికా వాయుసేన వైద్యుడు జాన్ పాల్ స్టాప్. 1954 డిసెంబరు 10న ఆయన పట్టాలపై నడిచే రాకెట్ బండిలో తనను తానే కట్టించుకొని గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకున్నారు. ఆ బండి 1.4 సెకన్లలో ఆగిపోయింది. ఒక దశలో రుణత్వరణం గురుత్వ త్వరణానికి 46 రెట్లు దాటింది. కళ్ళలోని రక్తనాళాలు చిట్లి కొంతసేపు చూపు పోయింది. కాని ఆయన బ్రతికారు, చూపు తిరిగి వచ్చింది. ఆయన్ను కాపాడినవి గట్టి సీటూ, గట్టి పట్టీలూ.

బోల్టా, రేకా?

ఇప్పుడు పందెపు సీటును కారులో బిగిద్దాం. సీటును నాలుగు బోల్టులతో నేలకు బిగిస్తారు, ముందు రెండు, వెనుక రెండు. ఆగి ఉన్న మన కారును వెనుక నుండి మరో కారు గుద్దిందనుకోండి. కారు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మనిషి శరీరం సీటు వీపును వెనక్కు నెడుతుంది. త్వరణం 100 మీ/సె² అయితే ఈ బలం 6,000 న్యూటన్లు. అది నేల నుండి 40 సెంటీమీటర్ల ఎత్తున పనిచేస్తున్నదని, ముందు బోల్టులకూ వెనుక బోల్టులకూ మధ్య దూరం 30 సెంటీమీటర్లని అనుకుందాం.

సీటు వెనుక బోల్టుల దగ్గర కీలు ఉన్నట్లుగా వెనక్కు పడిపోవాలని చూస్తుంది. ముందు బోల్టులు దానిని కిందికి లాగి పట్టుకోవాలి. బల భ్రామకం 6,000 × 0.4 = 2,400 న్యూటన్ మీటర్లు. దీన్ని 0.3తో భాగిస్తే 8,000 న్యూటన్లు. రెండు ముందు బోల్టులు పంచుకుంటే ఒక్కొక్క దానిపై 4,000 న్యూటన్లు.

బోల్టు తెగుతుందా? తెగదు. 8 మిల్లీమీటర్ల వ్యాసం గల మంచి ఉక్కు బోల్టు సుమారు 29,000 న్యూటన్ల దాకా ఆగుతుంది. అయితే అది బిగించి ఉన్నది దేనికి? కారు నేల ఒక మిల్లీమీటరు మందపు ఉక్కు రేకు మాత్రమే! తెగేది బోల్టు కాదు, చిరిగేది రేకు.

మన ఊళ్ళలో రేకుల కప్పు వేసేవారిని గమనించండి. కొక్కెపు బోల్టు ఎంత గట్టిదైనా దాని కింద వెడల్పాటి వాషరు వేయకుండా బిగించరు. వాషరు లేకపోతే గాలివానకు బోల్టు బోల్టుగానే ఉంటుంది, రేకు మాత్రం చిరిగి ఎగిరిపోతుంది. కారులోనూ అదే సూత్రం.

బోల్టు కింద 16 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న వాషరు ఉందనుకోండి. దాని చుట్టుకొలత సుమారు 50 మిల్లీమీటర్లు. వాషరు రేకును చీల్చుకొని పైకి రావాలంటే ఆ చుట్టూ రేకును కత్తిరించాలి. మామూలు ఉక్కు రేకును కత్తిరించడానికి చదరపు మిల్లీమీటరుకు సుమారు 250 న్యూటన్లు కావాలి. మందం ఒక మిల్లీమీటరైతే 12,500 న్యూటన్లు. ఫరవాలేదనిపిస్తుంది. కాని ఇది యాభై ఏళ్ళ నాటి కారు! తుప్పు తినేసి రేకు 0.3 మిల్లీమీటరు మిగిలితే? అప్పుడు ఆగేది 3,750 న్యూటన్లే. మన 4,000 న్యూటన్లకు చాలదు. పైగా రేకు తెగడానికి ముందే వంగి మడత పడుతుంది. పైన కొత్త సీటు ధగధగలాడుతూ ఉంటుంది. కింద ప్రాణాపాయం పొంచి ఉంటుంది.

దీనికి ఉపాయం బలాన్ని పరచడం. బోల్టుకు చిన్న వాషరు బదులు నేల కిందివైపు 40 చదరపు సెంటీమీటర్ల ఉక్కు పలక వేస్తారు. చిన్న వాషరు వైశాల్యం సుమారు 1.5 చదరపు సెంటీమీటర్లు. దాని కింద పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు 2,700 న్యూటన్లు. పలక వేస్తే 4,000ను 40తో భాగించగా 100 న్యూటన్లే! చుట్టుకొలత కూడా 50 మిల్లీమీటర్ల నుండి 250 మిల్లీమీటర్లకు పెరుగుతుంది.

ఈ 40 అనే సంఖ్య నేను ఊహించి చెప్పినది కాదు. మోటారు పందేలకు నియమాలు చేసే అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య తన నియమావళిలో ఇలాగే రాసింది. సీటు ఆధారాలను మార్చి బిగించేటప్పుడు కనీసం నాలుగు చోట్ల 8 మిల్లీమీటర్ల బోల్టులు, ప్రతి బోల్టుకూ కనీసం 40 చదరపు సెంటీమీటర్ల ఆనుడు, ఉక్కు పలక అయితే 3 మిల్లీమీటర్ల మందం ఉండాలని ఆ నియమం.

బిగించే క్రమం

మొదట పాత సీటును విప్పాలి. ఎం.జి.బి.లో సీటు పట్టాల కింద కొయ్యబద్దలు ఉంటాయి. నేల మీద పరచిన తివాచీ, ఈ బద్దలు తడి పీల్చుకుంటే కింద తుప్పు మొదలవుతుంది. వాటిని తీసి, నేలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. గుచ్చుకుంటే ఆ భాగాన్ని కోసివేసి కొత్త రేకును వెల్డింగు చేయాలి. తుప్పు మీద పలక వేస్తే లాభం లేదు. పలక అంచుల చుట్టూ ఉన్న రేకే ఊడివస్తుంది.

తరువాత సీటును బిగించకుండా ఊరికే ఉంచి, నడిపేవాడు హెల్మెట్ పెట్టుకొని కూర్చోవాలి. ఎం.జి.బి.లో ఒక పక్క తలుపు గడప, మరో పక్క ప్రొపెల్లర్ షాఫ్టు పోయే సొరంగం ఉంటాయి. వాటి మధ్య సీటు ఇమడాలి. క్లచ్చి పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచుకు తగలాలి. పైకప్పు లేని కారు గనుక తల వెనుక గట్టి గొట్టపు కడ్డీ అమర్చాలి. కారు బోర్లాపడితే ముందుగా నేలకు తగిలేది ఆ కడ్డీ కావాలి, తల కాదు. అందుకే సీటును వీలైనంత కిందికి దించుతారు.

స్థానం కుదిరాక గుర్తులు పెట్టి, రంధ్రాలు వేసి, పలకలు అమర్చాలి. పలక మూలలను గుండ్రంగా రుద్దాలి. పదునైన మూల రేకును కోస్తుంది. తుప్పు పట్టకుండా రంగు వేయాలి. వదులు కాని నట్లు వాడాలి. ఒకసారి నడిపి వచ్చాక అన్నింటినీ మళ్ళీ బిగించి చూడాలి.

ఇక బెల్టులు. భుజాల మీది పట్టీలు వెనక్కు దాదాపు సమతలంగా పోవాలి. వాటిని సీటు వెనుక నేలకు కట్టడం పెద్ద పొరపాటు. ఎందుకు? పట్టీ సమతలానికి 10 డిగ్రీల వాలులో ఉంటే దాని తన్యతలో 0.17 వంతు మాత్రమే భుజాన్ని కిందికి నొక్కుతుంది. 45 డిగ్రీల వాలులో 0.7 వంతు నొక్కుతుంది. ఆ బలమంతా వెన్నెముక మీద పడుతుంది. కాపాడవలసిన పట్టీయే వెన్ను విరిచేస్తుంది.

రోడ్డు మీద ఇది మంచిదేనా?

పందెపు సీటు ఇంత మంచిదైతే అందరి కార్లలోనూ ఎందుకు ఉండదు? పందెంలో నడిపేవాడు హెల్మెట్ పెట్టుకుంటాడు. చుట్టూ కడ్డీలుంటాయి. అవేవీ లేని కారులో పందెపు పట్టీలు మాత్రమే కట్టుకుంటే, కారు బోర్లాపడినప్పుడు అవి మనిషిని నిటారుగా పట్టి ఉంచుతాయి. తల పక్కకు ఒదగడానికి వీలుండదు. తల వెనుక ఆనుడు లేని పొట్టి తొట్టి సీట్లు మెడకు ప్రమాదం. రోడ్డు మీద తిరిగే బండికి నడుమునూ ఒక భుజాన్నీ పట్టి ఉంచే మూడు బిందువుల బెల్టే తగినది. దీన్ని వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించగా 1959లో ఆ కంపెనీ కార్లలో వాడుకలోకి వచ్చింది. ఒకటి రెండు భాగాలు తెచ్చి తగిలిస్తే రక్షణ రాదు. సీటు, బెల్టు, కడ్డీ, నేల, హెల్మెట్ అన్నీ కలిసి పనిచేస్తేనే రక్షణ.

మీరే చేసి చూడండి

రెండు పాత పోస్టుకార్డులు తీసుకోండి. ఒక్కొక్క దాని మధ్య సూదితో చిన్న రంధ్రం చేసి గట్టి దారం దూర్చండి. మొదటి కార్డు పైన దారానికి చిన్న ముడి మాత్రమే వేయండి. రెండవ దానిపై చొక్కా గుండీని కట్టండి. కార్డులను రెండు పుస్తకాల మధ్య వంతెనలాగా ఉంచి అంచులపై బరువు పెట్టండి. దారాలకు కింద చిన్న డబ్బాలు వేలాడగట్టి నెమ్మదిగా నీళ్ళు పోయండి. ముడి ఎన్ని నీళ్ళకు కార్డును చీల్చుకొని జారింది? గుండీ ఎన్ని నీళ్ళకు? రాసుకోండి. తరువాత మూడవ కార్డు మధ్యభాగాన్ని తడిపి గుండీతోనే మళ్ళీ చేయండి. ఆ తడిసిన కార్డే తుప్పు పట్టిన నేల. రెండు దారాలూ ఒక్క ఉండలోవే. తేడా ఎక్కడుందో మీకే తెలుస్తుంది.