వన్యప్రాణి ఛాయాగ్రహణంలో డెప్త్ ఆఫ్ ఫీల్డ్

ఛాయాచిత్రంలో ఫోకస్ చేసిన బిందువుకు ముందూ వెనుకా స్పష్టంగా కనిపించే దూరాల పరిధిని డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (స్పష్టతా పరిధి) అంటారు. వన్యప్రాణులను సాధారణంగా ఎక్కువ నాభ్యంతరం గల కటకాలతో చిత్రిస్తారు కనుక ఈ పరిధి చాలా తక్కువగా ఉంటుంది.

ప్రభావితం చేసే అంశాలు

* అపెర్చరు: రంధ్రం పెద్దదైతే, అనగా ఎఫ్-సంఖ్య చిన్నదైతే, పరిధి తగ్గుతుంది.
* నాభ్యంతరం: ఇది పెరిగితే పరిధి తగ్గుతుంది.
* దూరం: ప్రాణికి ఉన్న దూరం సగమైతే పరిధి దాదాపు నాలుగో వంతు అవుతుంది.

ఉదాహరణ

నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూళ్ళు కట్టే గూడబాతు ముక్కు పొడవు సుమారు 30 సెం.మీ. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 400 మి.మీ. కటకం అమర్చి, ఎఫ్/5.6 వద్ద 10 మీటర్ల దూరంలోని పక్షి కంటిపై ఫోకస్ చేస్తే మొత్తం పరిధి సుమారు 20 సెం.మీ. మాత్రమే. అందులో సగమే కంటికి ముందు ఉంటుంది. కనుక పక్షి కెమెరా వైపు చూస్తున్నపుడు ముక్కు కొన మసకబారుతుంది.

ఎఫ్/11 వద్ద పరిధి రెట్టింపైనా ముక్కు కొనను చేరదు. పైగా కాంతి నాలుగో వంతుకు తగ్గుతుంది. అందువలన షట్టరు వేగాన్ని 1/1600 నుండి 1/400 సెకనుకు తగ్గించాలి, లేదా ఐఎస్ఓను 400 నుండి 1600కు పెంచాలి. మొదటి పద్ధతిలో రెక్కల కదలిక చెదిరినట్లు కనిపించవచ్చు. రెండవ పద్ధతిలో చిత్రంలో నాయిస్ పెరుగుతుంది. పక్షి పక్కకు తిరిగే వరకు వేచి ఉంటే కన్ను, ముక్కు దాదాపు ఒకే దూరంలోకి వస్తాయి, అపుడు ఎఫ్/5.6 సరిపోతుంది.

జాగ్రత్తలు

గూళ్ళను సమీపిస్తే పక్షులు బెదరి గుడ్లను, పిల్లలను విడిచి లేచిపోవచ్చు. దూరంగా ఉండటం వలన పక్షులకు రక్షణ, చిత్రానికి ఎక్కువ స్పష్టతా పరిధి లభిస్తాయి.