మీకు తెలుసా? క్యూబిట్‌కు నకలు తీయలేం

మామూలు కంప్యూటర్‌లో ఒక ఫైలుకు ఎన్ని కాపీలైనా తీయొచ్చు. క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే క్యూబిట్‌కు ఆ వీలు లేదు. దాని స్థితి ముందే తెలియకపోతే, అచ్చం అలాంటిదే ఇంకొకటి తయారుచేయడం క్వాంటమ్ సూత్రాల ప్రకారమే అసాధ్యం. 1982లో భౌతిక శాస్త్రవేత్తలు వూటర్స్, జూరెక్ కలిసి, డీక్స్ విడిగా దీన్ని నిరూపించారు.

దీని వెనక ముచ్చటైన కథ ఉంది. కాంతి కంటే వేగంగా సందేశం పంపవచ్చంటూ నిక్ హెర్బర్ట్ ఒక పరిశోధన పత్రం రాశారు. కాంతి కణమైన ఫోటాన్‌కు నకళ్లు తీయడమే అందులో కీలకం. పత్రాన్ని పరిశీలించిన ఆషర్ పెరెస్‌కు అది తప్పని తెలుసు. అయినా ప్రచురించమన్నారు. తప్పెక్కడుందో వెతికితే విజ్ఞానం ముందుకెళుతుందని ఆయన నమ్మకం. అలాగే జరిగింది: ఆ వెతుకులాటే పై నిరూపణకు దారితీసింది.

1984లో బెన్నెట్, బ్రసార్డ్ నకలు తీయలేమనే ఈ అడ్డంకినే రహస్య సందేశాలకు కాపలాగా మార్చారు. దొంగచాటుగా వినేవాడు నకలు తీసుకోలేడు, కొలవబోతే జాడ మిగిలిపోతుంది.

మరి కాపీయే లేనప్పుడు క్యూబిట్‌లో దొర్లిన దోషాన్ని దిద్దడమెలా? 1995లో పీటర్ షోర్ చూపిన దారి, నా దృష్టిలో, ఈ రంగంలోకెల్లా అందమైన ఆలోచన. ఒక క్యూబిట్ సమాచారాన్ని ఒకదానితో ఒకటి పెనవేసుకున్న 9 క్యూబిట్లకు పంచారాయన. ఆ సమాచారాన్ని చదవకుండానే దోషం ఎక్కడుందో కనిపెట్టి సరిచేయొచ్చు.